ఒకే ఇంటిపేరు

పిలిస్తే గాని గడప దాటేవాడు కాదు. ఇప్పటికీ మా తలుపు తెరిచి ఉంటే, బయట ఆయన నిలబడి ఉన్నాడేమోనని ఒకసారి చూస్తాను.

యుద్ధంలో పట్టుబడి, జబ్బుచేసి, మదనపల్లె దగ్గరి మిషన్ ఆసుపత్రికి వచ్చిన ఇటలీ ఖైదీ. ఇంటిపేరు ఎస్పోజితో. నేనక్కడ నర్సును. కోలుకున్నాక ఆసుపత్రి వంటింట్లో కూరగాయలు తరిగేవాడు. వంట చేసే మా అత్త "లోపలికి రాప్పా" అన్నాకే అడుగు పెట్టేవాడు.

ఒక ఉదయం వార్డులో ఇంకో ఇటలీ ఖైదీ చనిపోయాడు. చనిపోయినాయన ఇంటిపేరూ ఎస్పోజితోనే. మా అత్త బాప్తిస్మం తీసుకుంది గాని అంటు, మైల పాటించడం మానలేదు.

"మీ ఇంటిపేరోడు పోయినాడు. తలకు పోసుకో," అంది.

"నాకేమీ కాడమ్మా."

"ఇంటిపేరు ఒకటే గదా, యాల కాడు?"

అప్పుడు చెప్పాడు, వచ్చీరాని తెలుగులో. ఎస్పోజితో అంటే బయట వదిలేసిన బిడ్డ. కన్నవాళ్ళు వదిలిపెట్టిన పసికందులకు వాళ్ళ ఊళ్ళో పూర్వం అందరికీ అదే పేరు పెట్టేవాళ్ళు. తర్వాత ఆ పద్ధతి మాన్పించారు గాని పేరు పోలేదు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఆ పేరే. వాళ్ళ తాతకు తాతను, బిడ్డల్ని వదిలేందుకని అనాథాశ్రమం గోడలో కట్టిన తొట్టిలో పెట్టి పోయారట.



"అట్లయితే, కాడని మాత్రం ఎట్ల చెప్తావప్పా?" అంది మా అత్త.

ఆయన బావి దగ్గరికి పోయి తలమీద నీళ్ళు పోసుకున్నాడు. తడిబట్టలతో వచ్చి గడప బయట నిలబడ్డాడు. మా అత్త ఎప్పటిలాగే పిలిచింది.

"ఈ పొద్దు రాకూడదమ్మా," అన్నాడు. "మావాడు పోయినాడు."