శనివారం రేడియో

నాకు రాయడం రాదు. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పెన్ను పట్టుకున్నది సంతకాలకే. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పడతాయో ఇప్పటికీ తడబడతాను. చదివేవాళ్ళు ఆ సంగతి ముందే తెలుసుకుని చదవాలని మనవి. మా పెద్దమ్మాయి సరిత ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ దేశంలో, స్లౌ అనే ఊళ్ళో, ఒక కేర్ హోమ్‌లో నర్సు. నేను ఆరు నెలల విజిట్ వీసా మీద ఆమె దగ్గర ఉన్నాను. "బాపూ, నువ్వు మాట్లాడినట్టే రాయి, తప్పులు నేను చూస్త" అంది. కాని ఈ వారం డ్యూటీల పట్టికలో ఆమెకు అన్నీ పన్నెండు గంటల లాంగ్ డేలే పడ్డాయి. అందుకని ఎవరూ దిద్దకుండానే ఇస్తున్నాను.

నా పేరు రాజేశం. మాది జగిత్యాల దగ్గర పల్లె. రెండు వేల పదహారు మార్చి నెలలో ఇజ్రాయెల్‌లో, టెల్ అవీవ్ పక్క ఊళ్ళో, ఒక ముసలాయన ఇంట్లో మెటపెల్‌గా చేరాను. మెటపెల్ అంటే ఇంట్లోనే ఉండి ముసలివాళ్ళను చూసుకునే మనిషి. స్నానం చేయించడం, మందులు వేయడం, తినిపించడం, పుండ్లు పడకుండా పక్క మార్చడం, అన్నీ మన పనే. వారానికి ఒక రోజు సెలవు. శుక్రవారం మధ్యాహ్నం బదిలీ మనిషి వస్తాడు, శనివారం చీకటి పడ్డాక మనం తిరిగి చేరాలి.

వీసా గురించి కూడా చెప్పాలి. అక్కడ నాలుగేళ్ళు దాటి కొన్ని నెలలయ్యాక ఇల్లు మారడానికి వీలు లేదు. ఆ ముసలాయన బతికి ఉండి, వద్దనకుండా ఉన్నంత కాలమే మన వీసా. ఇంటివాళ్ళు లిష్కాకు, అంటే మమ్మల్ని పనిలో పెట్టే ఆఫీసుకు, ఒక్క ఫోను చేస్తే మనం విమానం ఎక్కాల్సిందే. నేను చెప్పబోయే సంగతి జరిగినప్పుడు నేను చేరి ఏడేళ్ళు దాటింది. సరిత హైదరాబాదులో పని చేసుకుంటూ ఈ దేశం రావడానికి పరీక్షలు రాస్తోంది. చిన్నమ్మాయి ఇంకా చదువుకుంటోంది.

ముసలాయనను నేను సబా అనేవాణ్ణి. వాళ్ళ భాషలో తాత అని. తొంభై ఏళ్ళు, చక్రాల కుర్చీ, చెవులు సరిగా వినపడవు, మాట మాత్రం స్పష్టం. వాళ్ళ వారపు విశ్రాంతి రోజైన శబ్బత్ నియమం గట్టిగా పాటించే మనిషి. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా ఆ ఇంట్లో వాళ్ళు స్విచ్ వేయరు, తీయరు, ఫోను ముట్టరు. నాలాంటి వేరే మతం వాడు వేయవచ్చు. కాని వెయ్యమని నోరు తెరిచి చెప్పకూడదని వాళ్ళ పద్ధతి. అందుకని తిప్పి చెబుతారు. "గదిలో చీకటిగా ఉంది రాజేశం" అంటే లైటు వేయమని. "వేళ్ళు చల్లబడ్డాయి" అంటే హీటరు వేయమని. మొదటి ఏళ్ళలో అదనపు డబ్బుల కోసం చాలా శనివారాలు సెలవు మానుకుని ఉండేవాణ్ణి. అప్పట్లో నాకు అర్థం కాక, నిజమే సబా, చీకటిగానే ఉంది అని ఊరుకునేవాణ్ణి. పోను పోను నేర్చుకున్నాను. ఆయన నియమాలు ఆయన కొడుకు కంటే నాకే బాగా తెలుసని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

సబాకు కొడుకు యోరాం, కూతురు తమార్. అక్కడ ఇంటి యజమానిని కూడా పేరు పెట్టే పిలుస్తారు, నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది. యోరాం తండ్రిలాగా నియమం పాటించేవాడు, ప్రభుత్వం వైపు మనిషి. తమార్ నియమాలు పాటించదు. గాజా యుద్ధానికి ముందు ఏడాది శనివారం రాత్రిళ్ళు జెండా భుజాన వేసుకుని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపులకు వెళ్ళేది. యుద్ధం మొదలయ్యాక ఇద్దరి మధ్య ఇంకా ముదిరింది. యోరాం కొడుకు సైన్యంలోకి పోయాడు. దాడి రోజు గాజాకు పట్టుకుపోయిన మనుషులను ఎలాగైనా ఒప్పందం చేసుకుని తీసుకురావాలని తమార్ అనేది. గెలవకుండా ఆగితే మళ్ళీ ఇదే జరుగుతుందని యోరాం అనేవాడు. నేను కూర గిన్నెలు అందిస్తూ వినేవాణ్ణి.

బయట కూడా అంతే. బస్టాపుల్లో పట్టుకుపోయిన వాళ్ళ ఫొటోలు అంటించి ఉండేవి, వానకు తడిసినవి తీసి మళ్ళీ కొత్తవి అంటించేవాళ్ళు. గాజాలో కూలిన ఇళ్ళు, దుమ్ములో పిల్లలు నా ఫోనులో కనిపించేవి, సబా టీవీలో అంతగా కనిపించేవి కావు. మేము మందులు తెచ్చుకునే షాపులో ఒక అరబ్బు అతను ఉండేవాడు. అంతకు ముందు సబా గురించి పేరు పెట్టి అడిగేవాడు. యుద్ధం వచ్చాక మందు ఎప్పుడు వేయాలో చెప్పి తల దించుకునేవాడు. ఒకరోజు కళ్ళు ఎర్రగా ఉంటే, ఇంట్లో అందరూ బాగేనా అని అడిగాను. "అక్కడ మా పిన్ని ఉంది, ఫోను కలవడం లేదు" అని చాలా మెల్లగా చెప్పి, వెనక వరుసలో ఉన్న వాళ్ళ వైపు చూశాడు. నేను మందులు తీసుకుని పక్కకు జరిగాను.

ఇక అసలు సంగతి. యుద్ధం మొదలైన ఆ చలికాలంలో ఒక శుక్రవారం బదిలీ మనిషికి జ్వరం వచ్చింది. అతను నేపాలీ, మంచివాడు. నేను సెలవు మానుకుని ఉండిపోయాను. యుద్ధం వచ్చాక శబ్బత్ రోజు ఆ ఇంట్లో నేను ఉండడం అదే మొదటిసారి.

శనివారం పొద్దున సబాకు స్నానం చేయించి హాలులోకి తెచ్చేసరికి అలమారా మీద రేడియోకు చిన్న పచ్చ లైటు వెలుగుతోంది. చప్పుడేమీ లేదు. శుక్రవారం ఎవరో ఆపడం మరిచిపోయారు, పాపం సబాకు నియమం తప్పినట్టవుతుంది అనుకున్నాను. నేను ఆపితే దోషం లేదు కదా అని ఆపేశాను.

అది మరిచిపోయిన రేడియో కాదు. శబ్బత్ పాటించేవాళ్ళ కోసం అక్కడ ఒక స్టేషను ఉంటుంది. రోజంతా మూగగా ఉండి, రాకెట్ వస్తుందంటే మాత్రమే మాట్లాడుతుంది. ఫోను ముట్టని ఇళ్ళలో శుక్రవారమే దాన్ని పెట్టి వదిలేస్తారు. శుక్రవారం నేను బజారుకు వెళ్ళినప్పుడు యోరాం వచ్చి పెట్టి పోయాడు. నేపాలీ అతనికి తెలుసు. నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు.

కాసేపటికి సబా అలమారా వైపు చూస్తూ, "ఆ పచ్చ లైటు కనబడడం లేదు. నా కళ్ళు ఇంకా తగ్గినట్టున్నాయి" అన్నాడు. "సాయంత్రం చుక్కల మందు వేస్తాను సబా" అన్నాను. ఆయన నా మొహం చూసి, మళ్ళీ అలమారా వైపు చూశాడు.

మధ్యాహ్నం భోజనానికి యోరాం నడిచి వచ్చాడు. తమార్ కారులో వచ్చింది. తండ్రి బాధపడకూడదని కారు పక్క వీధిలో ఆపి, ఫోను అందులోనే వదిలి వచ్చేది. ఇద్దరూ ఒక్క బల్ల మీద తినాలని సబా నెలల తరబడి అడుగుతున్నాడు. ఆ రోజు కుదిరింది. శుక్రవారమే వేసి ఉంచిన కరెంటు వేడి పలక మీద ఉన్న గింజల కూర వడ్డించాను. కూర సగం కాకముందే యుద్ధం మాట వచ్చింది, గొంతులు లేచాయి. చలికి తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. నా ఫోను నా గదిలో చార్జింగులో ఉంది. సైరన్ మోగిందట. ఆ అరుపుల్లో ఏ ఒక్కరికీ వినపడలేదు.

సైరన్ తర్వాత నిమిషమున్నర టైము ఉంటుంది. సబాను ఎత్తుకుని కింది అంతస్తు మెట్ల దగ్గరికి చేర్చడానికి నాకు ఆ టైము చాలు, చాలాసార్లు చేశాను. ఆ రోజు నాకు ఒక్క సెకను కూడా దొరకలేదు. పెద్ద చప్పుడు, కిటికీ అద్దం బల్ల మీద పడింది. సబా ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చీరుకుపోయింది. రక్తం పలచబరిచే మందు వాడే మనిషి, ఆగదు. తువ్వాలు గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను.

ఆ మెట్ల మీదే పక్కింటావిడ, దిగేటప్పుడు మీ తలుపు కొట్టాం, వినలేదా అంది. యోరాం పైకి వెళ్ళి రేడియో చూసి వచ్చాడు.

"నిన్న నేను పెట్టి వెళ్ళాను. ఎవరు ఆపారు?" అని తమార్ వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావు? శబ్బత్ చెడుతుందని నువ్వే ఆపి ఉంటావు. మీ పెద్దమనుషులకు మనుషుల కంటే నియమాలే ఎక్కువ."

"నీకు మా నియమాలంటే అసహ్యం, అందుకే ఆపావు. దేశాన్ని కూడా ఇట్లాగే రక్షణ లేకుండా చేశారు మీరు."

"దేశాన్ని కాపాడాల్సింది మీరు ఎన్నుకున్నవాళ్ళు. దాడి జరిగిన రోజు ఎక్కడున్నారు?"

ఆ రేడియో ఎందుకో నాకు అప్పుడే తెలిసింది. నా వైపు అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ చూడలేదు. సబా మాత్రం చూశాడు. నేను తువ్వాలు మార్చాను.

కుట్లు పడ్డాయి, ప్రాణానికి ఏమీ కాలేదు. ఆసుపత్రి నుంచి మా స్నేహితుడు మల్లేశానికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. మా పక్క మండలం వాడే, అక్కడే ఇంకో ఇంట్లో మెటపెల్.

"నీ పేరు వచ్చిందా?" అన్నాడు.

"రాలే."

"రానిదానికి నువ్వెందుకు పోయి ఎదురుంగ నిలవడ్తవ్? అన్నచెల్లెండ్ల పంచాయితి ఇయ్యాలటిదా? నువ్వు రాకముందు నుంచే ఉన్నది. నీ బిడ్డ పరీక్ష అయిపోనియ్ ముందుగాల."

"సబాకు ఎరుకే మల్లేశం. లైటు లేదని చూసిండు."

"చూస్తె చెప్పిండా? లేదు గద. ముసలాయన నీకంటె తెలివిగలోడు. నోర్మూసుకొని అన్నం తినిపియ్."

అతని మాట విన్నాను. మూడు వారాలు నోరు మూసుకున్నాను. ఆ మూడు వారాలు అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. తమార్ సోమవారం వచ్చేది, యోరాం శుక్రవారం వచ్చేవాడు. కట్టు మార్చాలని నేను శుక్రవారాలు కూడా సెలవు మానుకున్నాను. సబా శుక్రవారం రాత్రి బల్ల మీద మూడు కంచాలు పెట్టమనేవాడు. నేను పెట్టేవాణ్ణి. యోరాం తమార్ కోసం పెట్టిన మూడో కంచం చూసి మొహం తిప్పుకునేవాడు. తినని ఆ కంచాన్ని కూడా మిగతా వాటితో కలిపి కడిగేవాణ్ణి. సబా తిండి తగ్గింది. కట్టు మార్చేటప్పుడు ఆయన చేతి ఎముక నా చేతికి తగిలేది. పుండు మానుతోంది, మనిషి తగ్గుతున్నాడు. ఏడేళ్ళు చేసిన పనిలో ఆ తేడా నాకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

అది మూడో శుక్రవారం. పొద్దు గూకడానికి కొంచెం ముందు యోరాం వచ్చి రేడియో పెడుతున్నాడు. తమార్‌కు ఫోను చేసి స్పీకరులో పెట్టమని అడిగాను. ఎందుకన్నాడు. ఇద్దరికీ ఒకేసారి చెప్పాలన్నాను. నాకు వచ్చిన కొద్ది హీబ్రూలో చెప్పాను. ఆ రేడియో నేను ఆపాను, మీ నియమం కోసమే ఆపాను, తెలియక ఆపాను. తెలిసిన తర్వాత మూడు వారాలు చెప్పలేదు, అది తెలిసే చేశాను.

యోరాం మొహం ఎర్రబడింది. "మూడు వారాలు. మేము కొట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డావు" అన్నాడు. లిష్కాకు చెబుతానని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు సబా మాట్లాడాడు. "లైటు ఆరిందని నేను చూశాను. వాడికి తిప్పి చెప్పాను. ప్రాణం సంగతి అయితే శబ్బత్ రోజైనా సూటిగా చెప్పాలని మన ధర్మమే చెబుతుంది. నాకు తెలుసు, అయినా అలవాటు కొద్దీ కళ్ళ మీద నెపం పెట్టాను. తర్వాత మీకూ చెప్పలేదు. ముందు నా సంగతి తేల్చు, తర్వాత వాడిది."

యోరాం కిటికీ వైపు చూశాడు. పొద్దు గూకే టైము అయింది. ఫోను ఆపి సొరుగులో పెట్టాడు. ఇక శనివారం చీకటి పడేదాకా దాన్ని ముట్టడు. ఒక రాత్రి, ఒక పగలు నా వీసా ఆ సొరుగులోనే ఉంది.

శనివారం మధ్యాహ్నం తమార్ వచ్చింది. మూడు కంచాలూ ఎంగిలయ్యాయి. తింటూ మళ్ళీ యుద్ధం గురించే వాదించుకున్నారు, ఒక్క మెట్టు కూడా ఎవరూ దిగలేదు. రేడియో మాట మాత్రం రాలేదు. సబా రెండోసారి కూర అడిగాడు.

చీకటి పడ్డాక యోరాం సొరుగు తీసి ఫోను ఆన్ చేశాడు. కొడుకు నుంచి మెసేజ్ ఉందేమో చూసుకున్నాడు, ఉంది. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. లిష్కాకు ఫోను చేస్తాను, కాని బదిలీ మనిషి వచ్చినప్పుడు మీరిద్దరూ కాసేపు కలిసి ఉండి అన్నీ చెప్పుకునేటట్టు రాయించడానికి చేస్తాను అన్నాడు. ఒక కాగితం, పెన్ను ఇచ్చి, రేడియో మీద అంటించడానికి నీ భాషలో రాయి అన్నాడు. "శనివారం దీన్ని ముట్టకు" అని రాశాను. ఏళ్ళ తర్వాత నేను రాసిన మొదటి వాక్యం అది.

సబా మరుసటి ఏడాది నిద్రలో పోయాడు. దాంతో నా వీసా అయిపోయింది, నేను ఊరికి వచ్చేశాను. ఏడు రోజుల సంతాపంలో యోరాం, తమార్ ఒకే ఇంట్లో నేలకు దగ్గరగా ఉండే కుర్చీల్లో కూర్చున్నారు. ఓట్లు మాత్రం ఇప్పటికీ వేరే వేరే పార్టీలకే అని తమార్ ఫోనులో చెప్పింది.

మొన్న ఇక్కడ ఒక పిల్లాడి పుట్టినరోజు ఫంక్షనులో సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు ప్లేటు పట్టుకుని వచ్చాడు. "అంకుల్, మీరు అక్కడ ఉండొచ్చిండ్రు గద, ఎవరిది కరెక్టు?" అన్నాడు. సబా చెయ్యి గుర్తొచ్చింది, మందుల షాపు అతని కళ్ళు గుర్తొచ్చాయి. అంత పెద్ద లెక్క నాకు తెలియదు బాబూ అన్నాను. వాడికి నచ్చలేదు.

ఇంటికి వచ్చాక ఈ కథంతా చెబితే సరిత, "హ్యాండోవర్ లేకనే బాపూ అదంత, మా దగ్గర షిఫ్టు షిఫ్టుకు రాసి సంతకం పెడ్తం" అంది. హ్యాండోవర్ అంటే డ్యూటీ దిగేవాళ్ళు వచ్చేవాళ్ళకు అన్నీ అప్పజెప్పడం. సగం నిజమే. రేడియో ఆపడం హ్యాండోవర్ లేక జరిగిన తప్పు. మూడు వారాలు నోరు మూసుకోవడాన్ని ఏ హ్యాండోవరూ ఆపగలిగేది కాదు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది రెండు. ఎదుటివాళ్ళ నియమం మనకు తెలుసనుకున్నప్పుడు కూడా ఒకసారి అడగాలి. పెద్ద గొడవలో మన తప్పు ఒకటి కలిసి ఉంటే, గొడవ తీరినా తీరకపోయినా, మనది మనం ఒప్పుకుని తీసేసుకోవాలి.

ఇంతవరకు ఓపికగా చదివినందుకు దండాలు. అక్షరాలు తప్పిన చోట, మాట సరిగా కుదరని చోట మీరే సరిచేసుకుని, నన్ను మన్నించండి.