అవుసలి తరాజులో జోకిన తూటాలు

1979. వరంగల్ పోలీసు ఆయుధాల గదిలో నేను ఆర్మరర్‌ని. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడు, శుభ్రం చేసేవాడు, అవి సరిగా పేలకపోతే తిట్లు తినేవాడు. ఈ మూడో పని సంగతి ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. మా గదిలో ఉన్నవన్నీ పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లు. ఇంగ్లీషువాళ్లు పోయినా, వాళ్ల యుద్ధాల నాటి ఆ రైఫిళ్లు మాత్రం మా దగ్గరే ఉండిపోయాయి. నా తోడబుట్టినవాళ్ల కన్నా వాటి గుణాలే నాకు బాగా తెలుసు.

ఏటా ఆ రైఫిళ్లతో జిల్లాల మధ్య గురి పోటీ జరిగేది. రెండు వందల గజాల దూరం. ఎవరి రైఫిళ్లు వాళ్లవే, ఎవరి తూటాలు వాళ్లవే. మేము మూడేళ్లుగా అట్టడుగున ఉన్నాం. ఆ ఏడు మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌గారికి ఓపిక నశించింది. ధర్మసాగర్ దారిలో గుట్ట కింద ప్రాక్టీసు చూసి, "సమ్మయ్యకు కండ్లు ఆనుతలేవు. జట్టుల నుంచి తీసేద్దాం" అన్నారు.

సమ్మయ్య కానిస్టేబులు, నర్సంపేట దగ్గరి పల్లెవాడు. పన్నెండేళ్లుగా ఒకే రైఫిలుతో జట్టులో ఉన్నాడు, ఒక్క పతకం రాలేదు. కొత్తగా కళ్లద్దాలు వచ్చాయి. ఆ సాయంత్రం నా గది గడప మీద కూర్చున్నాడు.

"అన్నా, నా కండ్లు మంచిగనే ఉన్నయే. ఇప్పటికీ సూదిల దారం ఎక్కిస్తాన. ఒక్కసారి గెలిచి నా అంతట నేనే దిగిపోత. తీసేసిండ్రంటే మాత్రం ఊర్ల తల ఎత్తుకొని తిరగలేను."

"ఫికర్ చేయకు" అన్నాను. అనడం సులువు. ఇన్‌స్పెక్టర్‌గారిని బతిమాలితే వారం గడువు దొరికింది. వారం తర్వాత ఆయన ఎదుట ఐదు తూటాలు కాల్చాలి. ఐదు రంధ్రాలూ ఒక అరచేతి కింద దాగాలి. అలా పడ్డ రంధ్రాల గుంపును మేము గ్రూపు అంటాం. గ్రూపు చెదిరితే సమ్మయ్య బదులు ఇంకొకరు.

మర్నాడు అతని రైఫిలును ఇసుక బస్తాల మీద ఆనించి నేనే కాల్చాను. నా గ్రూపూ అన్నం పళ్లెమంత వచ్చింది. నాకు కళ్లద్దాలు లేవు. అంటే తప్పు కంటిది కాదు. రైఫిలు గొట్టం నేను తోమిందే, అద్దంలా ఉంది. ఇక మిగిలినవి తూటాలు. పెట్టె బోర్లించి అడుగులు చూస్తే కడుపు మండింది. తూటా అడుగున తయారైన ఏడాది చెక్కి ఉంటుంది. ఒక్క పెట్టెలో నాలుగు వేర్వేరు ఏళ్ల తూటాలు. ఒకే విడతలో ఒకే మందుతో చేసిన తూటాల్ని లాట్ అంటారు. మాకు ప్రాక్టీసుకు వచ్చేవి అన్ని లాట్ల అడుగుబొడుగులు.

బయట దేశాల్లో పోటీలకు వెళ్లేవాళ్లు తమ తూటాలు తామే మందు కొలిచి నింపుకుంటారని విన్నాను. మాకు ఆ భాగ్యం లేదు. తూటా సర్కారు సొత్తు, విప్పితే ఉద్యోగం ఊడుతుంది. విప్పకుండా చేయగలిగింది ఒక్కటే, ఏరుకోవడం. ముందు లాట్ల వారీగా, తర్వాత ఒకే బరువున్నవి. కానీ అంత సన్నని తేడా పట్టే తరాజు పోలీసు శాఖలో ఎక్కడిది?

మా చిన్నాయన దగ్గర ఉంది. వరంగల్ చౌరస్తా దగ్గర అవుసలి పని చేసేవాడు, బంగారం తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు. వెళ్లి తరాజు అడిగాను.

"బంగారం జోకే తరాజుల తూటాలా? మీ తాత సూస్తే చెప్పు తీసుకొని కొడుతుండె."

"రెండు రోజులే, చిన్నాయనా. ఒక మనిషి మర్యాద పోతాంది."

ఆయన నిప్పు ఊదే ఊదుగొట్టం పక్కన పెట్టాడు. "తరాజు వస్తది. దానెనక నేనూ వస్త. పరాయి చెయ్యి తగలనియ్య" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌గారి అనుమతితో రెండు రోజులు మా గదిలోనే జోకుడు సాగింది. గాలికి తరాజు పళ్లేలు ఊగుతాయని చిన్నాయన కిటికీలు మూయించాడు. లోపల ముగ్గురం చెమటతో ఉడికిపోయాం. సమ్మయ్య అందిస్తాడు, ఆయన గుడ్డతో తుడిచి పళ్లెంలో పెడతాడు, నేను కాగితం మీద గీత గీస్తాను. నాకు తెలిసినవి ఇంగ్లీషు తూకాలు, ఆయనవి బంగారం తూచే గురిగింజలు. ఒకే పెట్టెలో రెండు తూటాలకు ఐదారు గింజల తేడా వస్తే, "గింత తేడాతో బంగారం అమ్మితే నన్ను బజార్ల నిలబెడ్తరు" అన్నాడు. నాలుగు వందల్లో తొంభై మిగిలాయి. ఆ పూటే గుట్ట కింది రేంజ్‌కు పట్టుకెళ్లాం. సమ్మయ్య గ్రూపు పళ్లెం నుంచి అరచేతిలోకి వచ్చింది. అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకుని చూశాడు. నేను ఆ రాత్రి ఇంట్లో మా ఆవిడకు రైఫిళ్ల గురించి గంటసేపు చెప్పాను, పాపం.

గడువు రోజు వచ్చింది. పోలీసు కొలువులో ఒక జబ్బు ఉంది. పెద్దసారు చూడబోయే వస్తువు ఏదైనా మెరవాలి. బూటు, బెల్టు, నీళ్ల బకెట్టు. తెల్లవారే లేచి ఏరిన తూటాలన్నిటినీ నూనెగుడ్డతో ఒక్కొక్కటిగా రుద్దాను. పెళ్లికూతురి గాజుల్లా మెరిశాయి. ఇన్‌స్పెక్టర్‌గారు పెట్టె చూసి తల ఊపారు. సమ్మయ్య పడుకున్నాడు, కాల్చాడు. ఐదూ గురికి జానెడు పైన, తలోదిక్కు.

"ఇగ చాలు" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. సమ్మయ్య రైఫిలు నెమ్మదిగా పక్కన పెట్టాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

నా కోపం ఎవరి మీద పోతుంది? చిన్నాయన మీద. తరాజు తీసుకుపోవడానికి మధ్యాహ్నం వచ్చాడు. "నీ తరాజు ముసల్దయింది, నీలెక్కనే" అన్నాను. ఆయన పెట్టెలోంచి ఒక తూటా తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"జిడ్డుగున్నది. నేను జోకిన నాడు గిట్ల లేదు. నూనె పూసినవా?"

"పూస్తా మరి. సార్ ఎదుట పెట్టాలె కదా. మూడేండ్ల సంది పోటీకి పంపే ముంగట..."

బల్ల మీది నూనెగుడ్డ కంటపడింది. తూటా పేలినప్పుడు దాని ఇత్తడి గొట్టం ఉబ్బి, కూర్చున్న చోటు, అంటే చేంబరు గోడను గట్టిగా పట్టుకోవాలి. నూనె ఉంటే పట్టు దొరకదు. వెనక్కి జారి, మూతలా ఉండే బోల్టును తంతుంది, రైఫిలు ఎగిరిపడుతుంది, గుండు పైకి పోతుంది. ట్రైనింగ్‌లో మొదటి వారమే చెప్పిన పాఠం. చేంబరు పొడిగా తుడిచి, తూటాకు నూనె పూసే మొనగాడిని నేను. మూడేళ్లుగా ఓడింది సమ్మయ్య కాదు.

"గురిగింజ తన కింది నలుపు ఎరుగదంటరు" అన్నాడు చిన్నాయన, తరాజు మూటగడుతూ. సిగ్గుతో తల తిప్పుకున్నాను.

తూటాలన్నీ పొడి నూలుగుడ్డతో తుడిచి, ఇన్‌స్పెక్టర్‌గారి ముందు అటెన్షన్‌లో నిలబడ్డాను. "తప్పు నాది సార్. మూడేండ్ల తప్పు. సమ్మయ్యది గాదు. ఏం శిక్ష వేసినా తీసుకుంట. ఆయనకు ఐదు తూటాలు ఇయ్యుండ్రి."

ఆయన ఒక తూటా తీసి వేలితో రుద్ది చూశారు. "ఐదే. ఆరోది అడిగితే నువ్వే టార్గెట్" అన్నారు.

ఐదు రంధ్రాల మీద ఇన్‌స్పెక్టర్‌గారే తన అరచెయ్యి పెట్టారు. ఒక్కటీ బయట కనిపించలేదు.

పోటీ హైదరాబాద్‌లో జరిగింది. మా జట్టులో చివరివాడు సమ్మయ్య. అతని చివరి తూటా నడి చుక్కకు తగిలితేనే మేము మొదటి స్థానం, లేకపోతే రెండు. గురిపలకల కింద గుంటలో కూర్చున్నవాళ్లు పొడవాటి కర్రకు కట్టిన తెల్ల పళ్లేన్ని లేపి తూటా ఎక్కడ తగిలిందో చూపిస్తారు. సమ్మయ్య కాల్చాడు. ఆ పళ్లెం లేచేలోపు నేను మా కులదైవానికి, సమ్మక్కకు, దర్గాకు, అందరికీ మొక్కేశాను. తెల్ల పళ్లెం నడి చుక్క మీద నిలిచింది. సమ్మయ్య వెంటనే లేవలేదు. లేచి, పన్నెండేళ్ల రైఫిలును తువ్వాలుతో తుడిచి నా చేతికి ఇచ్చాడు. "ఇగ దిగుత, అన్నా. తల ఎత్తుకొని దిగుత" అన్నాడు. అంతమంది ఎదుట ఇద్దరం ఏడ్చాం. దాచుకోవడానికేముంది.

ఆ తర్వాత కొలువులో ఎన్నో రైఫిళ్లు చూశాను. ఏది చెడినా ముందు నేనేం చేశానో వెతికి, ఆ తర్వాతే ఇనుమును అనుమానించాను. పదిసార్లలో ఆరుసార్లు ఇనుము నిర్దోషిగా తేలింది.

ఆ పోటీ నుంచి రాగానే పతకం తీసుకుని ఇద్దరం చిన్నాయన దుకాణానికి వెళ్లాం. జోకి చూపించమని సమ్మయ్య పట్టుబట్టాడు. పతకం పళ్లెంలో పెడదామని నేను చెయ్యి చాపితే, చిన్నాయన ఫట్టుమని నా చెయ్యి మీద ఒక్కటిచ్చి, పొడి గుడ్డ నా వైపు విసిరాడు.

"ముందుగాల చేతులు తుడుసుకో" అన్నాడు.

తుడుచుకున్నాను.