సాక్ష్యం చెప్పమన్న ఆదివారం

మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. జగ్గయ్యపేటలో ఆవిడ స్నానం, తిండి చూసుకుని, నందిగామలో నేను పాఠాలు చెప్పే బడికి బస్సెక్కుతాను. ఒక ఆదివారం చర్చికి బయలుదేరబోతూ జావ తాగిస్తుంటే, ఆవిడ నా చీర మీద ఉమ్మేసింది. కోపం పట్టలేక ఆవిడ చేతి మీద కొట్టాను. చీర మార్చుకుని చర్చికి వెళ్లాను.

ఆ పూటే ఆరాధనలో పాస్టరుగారు నన్ను లేపి, "అత్తగారి సేవంటే ఈ చెల్లెమ్మను చూసి నేర్చుకోవాలండి. సాక్ష్యం చెప్పమ్మా," అంటూ మైకు ఇచ్చారు. అందరూ నావైపే చూస్తున్నారు. "దేవుడే ఓపిక ఇస్తున్నాడండి," అని కూర్చున్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు.

ఇంటికొచ్చి, "అత్తయ్యా, చర్చిలో అబద్ధం చెప్పా," అని ఏడ్చాను.

ఆవిడ తడబడే మాటతోనే, "కొట్టానని చెప్పక్కర్లేదులే. అలిసిపోయానని చెప్పు," అంది.

ఆ మాట కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పలేకపోయాను. పోయిన ఆదివారం పాస్టరుగారు కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టి, నన్ను చూసి ఓర్పు నేర్చుకోమన్నారు.

"మీకెప్పుడూ కోపం రాదా అక్కా?" అని అడిగిందా అమ్మాయి.

నేను నవ్వి పాటల పుస్తకం తెరిచాను.