స్పిరిట్‌లో నానిన దారం

ఆ వేసవిలో చిన్నాన్న కూతురి పెళ్లికి రాచర్ల దగ్గరి మా ఊరికి వస్తూ, బ్యాగులో రెండు దారపు చుట్టలు తెచ్చుకున్నాను. మా ల్యాబ్‌లో రెండు రకాల ప్లాస్టిక్కులు కలిపి కరిగించి, సన్నటి రంధ్రంలోంచి లాగిన దారాలవి. పైకి మామూలు వల దారంలా ఉంటాయి. లోపల మాత్రం ఒక ప్లాస్టిక్కు రెండోదానిలో వేల పోగులుగా సాగి ఉంటుంది. ఆ పోగులన్నీ ఒకే సన్నదనంతో రావాలి, అదే నా పరిశోధన. ఏడాదిగా కొన్ని లావుగా, కొన్ని పొరల్లా అతుక్కుని వస్తున్నాయి. చివరికి ఒక చుట్టకు మాత్రం, ప్లాస్టిక్కులు కరిగించేటప్పుడే సిలికా నానో పొడి చిటికెడు కలిపాను. ఫలితం చూసేలోపే బయల్దేరాల్సి వచ్చింది.

మనసు ఆగలేదు. గిద్దలూరులో రైలు దిగగానే మందుల దుకాణంలో స్పిరిట్ అడిగాను.

"ఎవురికన్నా దెబ్బ తగిలిందామ్మా?" అన్నాడు దుకాణం భాయ్.

"లేదు భాయ్, దారం నానబెట్టాల."

ఆయన స్పిరిట్ సీసాలు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

వెచ్చటి స్పిరిట్‌లో పై ప్లాస్టిక్కు కరిగిపోతుంది, లోపలి పోగులు మిగులుతాయి. ల్యాబ్‌లో దానికో యంత్రం ఉంది. ఇంటి దగ్గర మా ఎండ ఉంది. రెండు సీసాల్లో దారాలు వేసి, పొయ్యికి దూరంగా పెరట్లో బండ మీద పెట్టాను.

"పెండ్లి పనులుండంగా ఈ ఊరగాయ ఏందే?" అంది అమ్మ.

రెండు రోజులు స్పిరిట్ మారుస్తూ పోయాను. మిగిలిన పోగులు కడిగి, ఆరబెట్టి, ఏది ఏదో చెప్పకుండా అమ్మ ముందు పెట్టాను. అమ్మ చిన్నప్పటి నుంచి గొర్రెలతో పెరిగిన మనిషి. రెంటినీ వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది ముసలి గొర్రె బొచ్చు, గరుగ్గా ఉంది. ఇదైతే జిల్లేడు దూది మాదిరుంది. ఇంత మెత్తంది యాడ దొరికింది?"

రెండోది పొడి కలిపినది. పోగులన్నీ సన్నగా సాగితేనే అంత మెత్తగా వస్తుంది. అమ్మను గట్టిగా పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను. మా నవ్వులు విని పిన్ని వచ్చింది.

"ఏడాది నుంచి నువ్వు చేసేది ఇదేనా, పాపా?"

"ఇదే పిన్నీ."

"ఇంకేం, బాగానే వచ్చిందిగా" అంటూ కాస్త తుంచి చెంపకు రాసుకుంది.

మర్నాడు చర్చిలో పెళ్లి జరుగుతున్నంతసేపూ నాకు నవ్వు ఆగలేదు. పెళ్లికూతురికంటే నేనే ఎక్కువ మురిసిపోతున్నానని నాయన ఎగతాళి చేశాడు.

ల్యాబ్‌కు తిరిగి వెళ్లాక ఆ మెత్తటి పోగులను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. దువ్విన జుట్టులా ఒకే తీరున ఉన్నాయి పోగులు. వెంటనే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"నేను అప్పుడే చెప్పినా గదా" అంది అమ్మ. "మళ్ళా చూసేదేంది? సరేగానీ, అన్నం తిన్నావా?"