బాద్‌షాకు ఒక్కటే దుంకుడు

కొత్త ప్లాస్టిక్ వాసన నాకు పడదు. బకెట్టయినా, చెప్పులైనా నాలుగు రోజులు బాల్కనీలో ఎండనిచ్చి గానీ ముట్టుకోను. అలాంటిది, మొన్న మా తమ్ముడు రవి కూతురు కీర్తన ఆన్‌లైన్‌లో తెప్పించిన అట్టపెట్టె విప్పి, అందులోంచి ఒక నల్లటి బిళ్ళ తీసి నా అరచేతిలో పెడితే, ఆ వాసనంతా పీల్చుకుంటూనే అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. సబ్బు పెట్టెకన్నా కాస్త పెద్దది. మసక పచ్చరంగు తెర, దాని కింద బొత్తాలు. ఒక పక్కన బొత్తాం నొక్కితే తెర మీద చదరంగం ప్రత్యక్షమైంది.

"ఫోన్ల అయితే డాడీ వేళ్ళు జారుతున్నయి అత్తా. దీనికి బటన్లున్నయి. ఎడమ చేత్తోటి గూడ ఆడొచ్చు" అంది కీర్తన.

రవికి పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దున్నే పోయాయి. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలకు ఏళ్ళ తరబడి రీజనింగ్ చెప్పినవాడు, ఇప్పుడు అదే అశోక్‌నగర్‌లో, చుట్టూ హాస్టళ్ళూ జిరాక్స్ దుకాణాలూ ఉన్న ఫ్లాటులో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆ పిల్లల్నే చూస్తుంటాడు. నేను నారాయణగూడ నుంచి రోజూ సాయంత్రం నడిచి వెళ్తాను. అన్నం తింటాడు, పిలిస్తే తల తిప్పుతాడు, ఒక్కోసారి నవ్వుతాడు. కానీ ఆ నవ్వు నన్ను చూసి నవ్వేదా, ఊరికే వచ్చేదా అన్నది ఎవరికీ తెలియదు. లోపల ఎంత మిగిలిందో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. కాళ్ళూ చేతులూ రాకపోతే పోనీ, లోపల మా రవి ఉన్నాడా లేడా అన్నదొక్కటే నాకు కావాలి. చిన్నప్పుడు వాడికి అన్నంకన్నా ఇష్టమైన ఆట ఇదేనని చెప్పింది నేనే. అందుకే కీర్తన ఆ బిళ్ళ కొన్నది.

ఉన్నమాట చెప్పాలంటే, మొదటి చూపులోనే నాకది నచ్చలేదు. చుక్కలతో గీసిన పావులు, కళ్ళజోడు సవరించుకుని చూసినా ఏది గుర్రమో ఏది ఒంటెయో తెలిసి చావదు. రాజు నెత్తి మీద శిలువ. పక్కనుండాల్సిన వజీరు పోయి రాణి వచ్చి కూర్చుంది, యుద్ధంలో రాణికేం పనో. ప్యాదాలు, అదే బంట్లు, మొదటి అడుగులోనే రెండు గళ్ళు దాటుతున్నాయి, ఎవరు తరుముతున్నారో తెలియదు. మనం ఎత్తు వేయగానే క్షణం ఆలస్యం లేకుండా జవాబు వేసి 'కీక్' అంటుంది. ఆలోచించదు, గొణగదు, చాయ్ అడగదు. తప్పు ఎత్తు వేస్తే 'కీక్ కీక్' అని రెండుసార్లు అరిచి పావును తీసుకెళ్ళి మళ్ళీ పాత గడిలోనే పెడుతుంది. ఇదేం ఆట అనుకున్నాను, పైకి మాత్రం బాగుంది బిడ్డా అన్నాను.

మా ఆట వేరు. చిక్కడపల్లిలో మార్కెట్ వెనక సందులో మా ఇల్లు. షాబాదు బండలు పరిచిన పెద్ద వసారా. ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ ఆ బండల మీద నీళ్ళు చల్లి, తలుపుకు తడిపిన గోనెపట్టా వేలాడదీసేది. ఆ తడి గోనె వాసన, మిద్దె మీద ఎండుతున్న మామిడి తొక్కు ఘాటు, తాత పాన్‌దాన్‌లోంచి వచ్చే సున్నం, కాచు వాసన, అన్నీ కలిసి కళ్ళు మూతలు పడుతుండేవి. పెద్దవాళ్ళంతా నిద్రపోయేవారు. తాత పోయేవాడు కాదు. నిజాం కాలంలో ఏదో దఫ్తరులో పనిచేసి దిగిన మనిషి, ఇంట్లో ఉన్నా నల్ల టోపీ తీసేవాడు కాదు. గోడకు చేరగిలబడి, ఒక మోకాలు పైకి పెట్టుకుని, "తేండ్రి బిడ్డా బిసాత్" అనేవాడు. బిసాత్ అంటే ఆట పరిచే గుడ్డ. తాత పాత ధోవతి చింపి నానమ్మ ఎర్రదారంతో గళ్ళు కుట్టింది. నలుపూ తెలుపూ లేవు, గళ్ళన్నీ ఒకటే రంగు. లక్క పూసిన కొయ్య పావులు, ఎరుపు ఒక దిక్కు, పచ్చ ఒక దిక్కు. సంక్రాంతి రోజుల్లో సకినాలు తిన్న చేతులతో ముట్టుకుంటే వాటికి నువ్వులు అంటుకునేవి, సద్దుల బతుకమ్మనాడు మలీద ముద్దలోని బెల్లం అంటుకునేది. చీమలు పట్టిన గుర్రాన్ని ఊదుకుని ఆడుకున్న రోజులున్నాయి.

తాత ఆటలో ప్యాదా ఎప్పుడూ ఒక్క గడే నడిచేది. అవతలి కొసకు చేరితే ఏ పావు ఇంట్లోకి చేరిందో ఆ పావే అయ్యేది, గుర్రం ఇంట్లోకి పోతే గుర్రం, ఒంటె ఇంట్లోకి పోతే ఒంటె. అన్నింటికన్నా ముద్దొచ్చే నియమం బాద్‌షాది. రాజును మేం బాద్‌షా అనేవాళ్ళం. ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి, అదీ ఇంకా ఎవరూ షహ్, అంటే చెక్, ఇవ్వకముందే, బాద్‌షా గుర్రంలా దుంకొచ్చు. రెండు గళ్ళు ముందుకు, ఒకటి పక్కకు. ఆ ఒక్కటి అయిపోతే మళ్ళీ అడుగడుగే నడవాలి. బాద్‌షా దుంకుడు అని దానికి పేరు. ఎప్పుడు దుంకించాలి, దాచుకోవాలా, ముందే వాడేయాలా అని కొట్టుకు చచ్చేవాళ్ళం. దాచుకుని దాచుకుని, చివరికి షహ్ పడ్డాక ఏడ్చినవాళ్ళం కూడా మేమే.

ఒక దసరానాడు జరిగింది చెప్పాలి. జమ్మి పెట్టి అలయ్ బలయ్ తీసుకోవడానికి ముషీరాబాద్ నుంచి చిన్నాయన వచ్చాడు. వంటింట్లోంచి మటన్ ఉడుకుతున్న వాసన, గారెలు వేగుతున్న చప్పుడు. తాతా, చిన్నాయనా బిసాత్ పరుచుకున్నారు. తాత పాన్ ఉమ్మడానికి అటు తిరిగాడో లేదో, అప్పటికే ఒకసారి దుంకిన బాద్‌షాను చిన్నాయన తాపీగా మళ్ళీ దుంకించాడు. రవి అప్పటికి ఇంకా బడికి కూడా సరిగా పోవడం లేదు. చేతిలో గారె పట్టుకుని ఆట చూస్తున్నవాడు, గారె వదిలేసి బాద్‌షాను పిడికిట్లో పట్టుకున్నాడు.

"ఒక్కటే! బాద్‌షాకు ఒక్కటే దుంకుడు!"

"నువ్వు నిన్న పుట్టినవ్, నాకు చెప్తవార?" అని చిన్నాయన నవ్వాడు, గద్దించాడు, పావలా ఇస్తానన్నాడు. వాడు పిడికిలి విప్పలేదు. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నా వాడు లేవలేదు. "మొండోడు రాజుకన్న బలవంతుడంటరు, రాజునే గుంజుకున్నడు గదనే వీడు" అని నానమ్మ నోరు నొక్కుకుంది. చివరికి తాత వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన కొడుకు వైపు తిరిగి, "పిలగాడు చెప్పిందే హక్, అదే న్యాయం. పానం మీదికొస్తె ఎవనికైన ఒక్కపారి దుంకనియ్యాలె. రెండోపారి దుంకితె అది ఆట గాదు" అన్నాడు. అప్పుడు విప్పాడు పిడికిలి. అరచేతి నిండా పచ్చరంగు, గారె నూనె.

తర్వాత ఎన్ని సెలవులు, ఎన్ని ముసుర్లు మేమిద్దరం ఆ గుడ్డ ముందు గడిపామో. బయట బోనాల డప్పులు మోగుతున్నా, పిల్లలంతా పతంగుల వెంట మిద్దెలెక్కినా మేం లేచేవాళ్ళం కాదు. నేను పరధ్యానంలో రెండోసారి దుంకిస్తే ఆ ఎత్తు పూర్తికాకముందే వాడి చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడేది. కాస్త పెద్దయ్యాక నారాయణగూడలో ఎక్కడో బడిపిల్లల పోటీకి వెళ్ళి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. అక్కడి ఆటలో బాద్‌షా దుంకడు తాతా అని చెప్పాడు. తాత నిజంగా ఆశ్చర్యపోయాడు. "మరి ఎట్ల బతుకుతడురా?" అన్నాడు. రవి ఆ కొత్త ఆటా నేర్చుకున్నాడు, కప్పులూ తెచ్చాడు. నాతో మాత్రం ఎప్పుడూ ఇంటి ఆటే ఆడాడు.

బిళ్ళ వచ్చిన మర్నాడు, వాడికి మాట నేర్పడానికి అడిక్‌మెట్ నుంచి వచ్చే అమ్మాయి దాన్ని రవి ఎడమ చేతిలో పెట్టింది. వాడు బొటనవేలితో బొత్తాలు నొక్కడం మొదలుపెట్టాడు. 'కీక్ కీక్'. మళ్ళీ నొక్కాడు. 'కీక్ కీక్'. గదంతా ఆ అరుపే. రెండు మూడు రోజులు చూసి ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. చాలా మెత్తగా చెప్పింది పాపం. "అంకుల్‌కి రూల్స్ యాదికి లేవు ఆంటీ. జర టైమ్ పడ్తది. ఉమ్మీద్ పెట్టుకుందాం, గని ఎక్కువ పెట్టుకోకుండ్రి."

ఆ సాయంత్రం నేను వాడి వెనక నిలబడి తెరలోకి తొంగిచూశాను. వాడి బొటనవేలు రాజు మీద ఆగింది. అక్కడినుంచి రెండు గళ్ళు పైకి. ఒకటి పక్కకు. 'కీక్ కీక్' అని మిషన్ రాజును వెనక్కి లాగేసింది. వాడు మళ్ళీ రెండు పైకి, ఒకటి పక్కకు.

వాడు తప్పు ఆడటం లేదు. బాద్‌షాను దుంకిస్తున్నాడు. ఆ మాయదారి బిళ్ళకు తెలియని ఆట, ఆ అమ్మాయికీ డాక్టరుకూ తెలియని ఆట, ఈ నగరంలో మా ఇద్దరికే తెలిసిన ఆట వాడు ఆడుతున్నాడు. వంటింట్లో ఉన్న మరదల్ని "శోభా! శోభా!" అని పిలిచి, ఏడుస్తూ, నవ్వుతూ, తాతనూ బిసాత్‌నూ దసరానూ కలగాపులగంగా చెప్పాను. ఆమెకు సగం అర్థమైందో లేదో, నా చేతులు పట్టుకుని తనూ ఏడ్చింది.

నానమ్మ కుట్టిన గుడ్డ ఎప్పుడో పోయింది. చిక్కడపల్లి ఇల్లు బిల్డరుకిచ్చినప్పుడు ఏ మూటలో కలిసిందో, కొయ్య పావులు ఎవరి చెత్తలోకి వెళ్ళాయో అడిగిన నాథుడు లేడు, నాతో సహా. నారాయణగూడలో ఆటసామాన్లమ్మే దుకాణంలో మామూలు బోర్డు కొన్నాను. ఆదివారం మధ్యాహ్నం రవి కుర్చీ ముందు స్టూలేసి పావులు పేర్చాను. శోభ పక్కన నిలబడింది.

నేను ప్యాదాను ఒక్క గడి జరిపాను. వాడు చాలాసేపు చూసి, ఎడమ చేత్తో తన ప్యాదాను ఒక్క గడే జరిపాడు. శోభ వైపు చూశాను, చూశావా అన్నట్టు. ఇంకో రెండెత్తులయ్యాయి. అప్పుడు వాడి చెయ్యి రాజు మీదికి వెళ్ళింది, లేచింది, ప్యాదాల మీదుగా దాటి రెండు ముందుకు, ఒకటి పక్కకు దిగింది. బాద్‌షా దుంకాడు. నేను చప్పట్లు కొట్టాను. శోభ కొంగు నోటికడ్డం పెట్టుకుని పక్కగదిలోకి పరుగెత్తింది, బయటికెళ్ళిన కీర్తనకు ఫోన్ చేయడానికి.

నేను నా ఒంటెను జరిపాను. రవి మళ్ళీ రాజునే పట్టుకున్నాడు. రెండు ముందుకు, ఒకటి పక్కకు.

పరాచికమాడుతున్నాడేమో అనుకున్నాను. "అయిపోయింది గదరా రవీ, నీ దుంకుడు" అన్నాను నవ్వుతూనే. వాడు తలెత్తి నా వైపు చూశాడు. రైల్లో ఎదుటి సీటువాళ్ళు పలకరిస్తే చూస్తామే, అలా మర్యాదగా చూశాడు. మళ్ళీ దుంకించాడు. ఆ తర్వాత ప్యాదాను పట్టుకుని దుంకించాడు. ఏనుగును దుంకించాడు. నా పచ్చి ఆశ చావక, నా వజీరును వాడి చేతికిచ్చాను. దాన్నీ దుంకించాడు, రెండు ముందుకు, ఒకటి పక్కకు. వాడి చేతికి ఆ ఒక్క కదలిక మిగిలింది. ఎందుకు దుంకుతారో, ఎన్నిసార్లు దుంకాలో, ఎవరితో ఆడుతున్నాడో, ఏదీ మిగల్లేదు. ఆ బిళ్ళ రెండుసార్లు అరిచి చెప్పింది నిజమే. నేనే వినలేదు.

పక్కగదిలోంచి శోభ గొంతు వినిపిస్తోంది. "మీ డాడీకి అన్నీ యాదికున్నయే! మీ తాతల కాలంది గూడ యాదికున్నదట! ఆగు, అత్తమ్మకిస్తున్న." ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె మొహం అంత తేటగా ఉండటం చూసి ఎన్నాళ్ళయిందో.

"నిజమేనా అత్తా?" అంది కీర్తన.

"బాద్‌షాను దుంకించిండు బిడ్డా" అన్నాను. ఫోన్ శోభకు తిరిగిచ్చేశాను.

ఆ వసారా లేదు, తడి గోనెపట్టా లేదు, తాత లేడు, చిన్నాయనా పోయాడు. పోతే పోనీ, ఆ ఆట తెలిసినవాళ్ళం ఇద్దరం ఉన్నాం కదా అనుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. ఇప్పటికీ రోజూ సాయంత్రం వెళ్తాను, బోర్డు పరుస్తాను, వాడు ఇష్టమొచ్చినట్టు దుంకిస్తుంటే నేనూ ఏదో ఒకటి జరుపుతుంటాను. నిన్న కావాలనే నా బాద్‌షాను ఒకసారి దుంకించాను. ఆగి, రెండోసారి దుంకించబోయాను. పావును గడిలో దించకుండా గాల్లోనే పట్టుకుని చాలాసేపు ఎదురుచూశాను. నా మణికట్టు మీద ఏ చెయ్యీ పడలేదు.