జొన్న బెండు మీద బతుకమ్మ

పర్వత్ పాటియా కూడలి దాటాక రోడ్డు పక్కన తడి గోనెపట్టా మీద బంతిపూలు కుప్పబోసుకుని కూర్చునే ఆమె దగ్గర నేనెప్పుడూ కాస్త ఎక్కువసేపే నిలబడతాను. ఆ తడి బంతి వాసన ముక్కుకు తగిలితే చాలు, హజీరా కంపెనీ క్వార్టర్సులో మా వంటింటి గచ్చు మీద కాళ్లు చాపుకుని బతుకమ్మను పేరుస్తున్న నాయనమ్మ కళ్ల ముందుకు వస్తుంది.

నాన్న అక్కడి కర్మాగారంలో ఇంజనీరు. మా మేనత్త కాన్పులో చనిపోయాక ఆయన నాయనమ్మను కరీంనగర్ నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాడు. భాద్రపదం చివర గట్ల వెంట తిరిగి తెల్లటి గునుగు, పచ్చటి తంగేడు తెంపుకొచ్చి, నువ్వుల సద్ది, పెసర సద్ది చేసి, వాడకట్టు ఆడవాళ్లందరితో ఆడిన మనిషికి ఈ పరాయి రాష్ట్రంలో దొరికినవి కాడల్లేని బంతిపూలు. అవి జారిపోతుంటే నిలబడాలని బతుకమ్మ లోపలంతా తడి మట్టి కూరింది. తాపీ నది ఒడ్డున, పోయిన కూతురి పేరు చెప్పి నీళ్లలో వదిలింది. బతుకమ్మ ఒక్కసారి ఊగి మా కాళ్ల దగ్గరే బుడుంగున మునిగిపోయింది.

"నా బిడ్డకు తొవ్వ దొరకలె" అంది నాయనమ్మ. బతుకమ్మ మునిగితే పోయినవాళ్లకు దారి దొరకదనడం ఏ ఆచారమూ కాదు, ఆమె మనసుకు తట్టిన మాట, అంతే. కానీ ఏడాది పొడుగునా అదే దిగులు. పిలిస్తే పలికేది కాదు. నాకు ఆమెను చూస్తే భయమేసేది.

మరుసటి ఏడు పండుగ ముందు నాన్న బకెట్లో నీళ్లు పోసి ఆమెను పిలిచాడు. మట్టిముద్ద వేశాడు, మునిగింది. ఖాళీ స్టీలు గిన్నె పెట్టాడు, తేలింది.

"ఒట్టి బరువుతోని కాదమ్మా. ఎంత జాగల ఎంత బరువున్నదో గదే లెక్క. నీళ్లకన్న తేలికుంటే తేలుతది. కింద థర్మాకోల్ పెడదాం."

"థర్మాకోల్ మీద తోలియ్యాల్నారా నా బిడ్డను?"

నాన్న బకెట్లో నీళ్లు పారబోశాడు. విశిష్ట భారం అనే మాట నాకు కాలేజీలో ఎదురైంది గానీ, దాని అర్థం ఆ వంటింట్లోనే తెలిసింది. చివరికి దారి చూపింది అమ్మ. చుట్టుపక్కల పల్లెల్లో పశువులకు వేసే ఎండు జొన్న సొప్ప తెప్పించి, పైతోలు ఒలిచి, లోపలి తెల్లటి బెండు ముక్కలను కట్టగట్టి మట్టికి బదులు పెట్టింది. చేతిలో ఉందో లేదో తెలియనంత తేలికైన ఆ బెండును నాయనమ్మ చాలాసేపు తడుముతూ కూర్చుంది.

"గిది మన చేన్ల పంటనే" అంది.

పండుగ సాయంత్రం తాపీలో ఆటు మొదలై నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. ఈసారి బతుకమ్మ తొణక్కుండా, నిటారుగా తేలింది. మేం చప్పట్లు కొట్టాం. నాయనమ్మ ఏడాదిగా కోరుకున్నది అదే. అయినా అది కాస్త దూరం పోగానే, చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి దిగి చెయ్యి చాచింది.

"జర ఆగు బిడ్డా! జర ఆగు!"

నాన్న ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగుతూ తనూ ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు, ఆ క్వార్టర్సు మాది కాదు, నది పాడవుతుందని మున్సిపాలిటీ వాళ్లు అక్కడిదాకా ఎవరినీ వెళ్లనివ్వడం లేదు. వాళ్లు తవ్వి ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలోనే వదలాలి. ఆ నీళ్లు ఎటూ పోవు. నిరుడు నాయనమ్మ పేరు చెప్పి వదిలిన బతుకమ్మ చక్కగా తేలి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ నా కాళ్ల దగ్గరికే వచ్చి ఆగింది. తొయ్యమని పిల్లలు అరిచారు. నేను తొయ్యలేదు.