అరుపు కోసం కట్టిన డ్రైవర్ స్టేజి

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. నాలుగో తరగతితో బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు తారుమారవుతాయి. టంకం పెట్టే చేతికి కలం కొత్త. ఏమనుకోకండి.

1948 ఎండాకాలం. నూజివీడు బజారులో నాది రేడియోలు, మైకుసెట్లు బాగుచేసే చిన్న కొట్టు. బాపులపాడు వైపు పెద్ద మామిడితోట గుత్తకు తీసుకున్న ఆసామి ఒకాయన తన మైకుసెట్టును ఎడ్లబండిలో వేసుకుని వచ్చాడు.

“ఏరా దావీదూ, మెల్లగా మాట్లాడితే బాగానే పలుకుతోంది. గట్టిగా అరిస్తే పుక్కిలించినట్టు గరగరలాడుతోంది. ఒక్క ముక్క అర్థమై చావదు.”

“అరవడం ఎందుకండీ? మైకు ఉన్నదే అరవక్కర్లేకుండా కదండీ?”

“నీకెందుకురా? కాయకోత మొదలవుతోంది. చెట్టుచెట్టుకీ తిరగడం నావల్ల కాదు. చెప్పింది చెయ్యి.”

ఎవరిమీద అరుస్తారో అడిగి, ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆ గరగర ఎక్కడిదో పట్టుకోవాలన్న యావ నాకు.

మైకులోంచి వచ్చే గొంతు చాలా చిన్నది. వాల్వులనే గాజుబుడ్లు దాన్ని అంచెలంచెలుగా పెంచుతాయి. చివర్లో బూరలాంటి హారన్‌ను మోగించేవి 6L6 వాల్వులు, ఒక జత. ఆ జతను వెనకనుంచి తోసే అంచె డ్రైవర్ స్టేజి. మెల్లగా మాట్లాడినంతసేపూ 6L6 గ్రిడ్లు, అంటే గొంతు లోపలికి వెళ్లే కాళ్లు, కరెంటు అడగవు. అరిచినప్పుడు అడుగుతాయి. ఆ సెట్టులో డ్రైవరుగా పెట్టిన వాల్వు బక్కది, ఇవ్వలేక చతికిలబడేది.

మిలిటరీవాళ్లు అమ్మేసిన సామాన్లలో కొన్న 6V6 అనే బలమైన వాల్వు ఒకటి నా దగ్గరుంది. దాని స్క్రీన్‌ని ప్లేటు కాలికి కలిపేసి, బరువుకు వంగని ట్రయోడ్‌లా వాడాను. దానికీ 6L6 జతకూ మధ్య, వోల్టేజి తగ్గించి కరెంటు పెంచే డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాను. మొదటిసారి చుట్టినప్పుడు 6L6ల వైపుండే సెకండరీ తీగచుట్లు ఎక్కువై అరుపు మళ్లీ చిట్లింది. విప్పి, చుట్లు తగ్గించి మళ్లీ చుట్టాను.

పరీక్షకు మా అక్క మరియమ్మను పిలిచాను. చర్చిలో పాటెత్తేది ఆవిడే. ఎంత పైకెత్తినా గొంతు ఎక్కడా చిట్లకుండా బజారు చివరిదాకా వెళ్లింది.

“తమ్ముడూ, ఇది నా గొంతేనా!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు పొగరెక్కింది.

కోతరోజు సెట్టును బ్యాటరీలకు బిగించడానికి తోటకు వెళ్లాను. మగవాళ్లు గెడలకు కట్టిన చిక్కాలతో కాయలు దించుతున్నారు. ఆడవాళ్లు సొన కారిపోయేలా వాటిని గడ్డిమీద తలకిందులుగా పేరుస్తున్నారు. ఆ కూలీల్లో మా అక్కా ఉంది. ఆసామి మంచెమీద కుర్చీ వేయించుకుని మైకు పట్టుకున్నాడు.

“తొడిమ ఉంచి కొయ్యండ్రా!” అన్నాడు. పనిమాటే కదా అనుకున్నాను. ఆ తర్వాత తిట్లు మొదలయ్యాయి. ఆ తర్వాత ఇది.

“ఏయ్ మరియమ్మా! ఆ మూటేంటే? కాయలు దొంగిలిస్తున్నావా? అందరిముందూ విప్పవే, దొంగ మొహమా!”

ఒక్క అక్షరం చిట్లలేదు. పక్కతోటవాళ్లు కూడా చేతులాపి చూశారు. నేను చుట్టిన చుట్లన్నీ మా అక్కను దొంగ అనడానికి పనికొచ్చాయి. ఒళ్లు మండిపోయింది, ఆయనమీదా, నామీదా.

అక్క సొన అంటిన చేతుల్తో మూట తెచ్చి మంచె ముందు విప్పింది. చద్దన్నం, ఒక ఉల్లిపాయ.

ఆసామి మైకు పక్కన పెట్టి, “సర్లే, పోయి పని చూసుకో,” అని గొణిగాడు. మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినపడలేదు.

“అదీ మైకులో చెప్పండయ్యా,” అన్నాను.

“ఏంట్రా?”

“దొంగ అని మైకులో అన్నారు. కాదని కూడా మైకులోనే అనండి.”

“నోరు లేస్తోందేంట్రా? సెట్టు నాది!”

“సెట్టు మీదేనండి. దాన్ని పలికించిన పని నాది.”

మంచె ఎక్కి, మైకు తీసి, వంగి అక్క చేతికిచ్చాను. ఆవిడ ఏడవలేదు. పాటెత్తే ముందు తీసుకున్నట్టే ఊపిరి తీసుకుంది.

“నా మూటలో ఉన్నది చద్దన్నమండి. నేను దొంగను కాదు.”

అరవలేదు. చివరి చెట్టు దాకా వినపడింది.

మర్నాటినుంచి ఆవిడకు ఆ తోటలో పని లేదు. ఆయన మాటతో చుట్టుపక్కల తోటలవాళ్లూ రానివ్వలేదు. కాయలు అయిపోయేదాకా చింతలపూడి వైపు పోయి కూలి చేసుకుంది.

ఆ తర్వాత చాలా ఆంప్లిఫయర్లు కట్టాను. ఆ కోపం మాత్రం దిగలేదు. ఎవరైనా సెట్టు కట్టమని వస్తే, ఎంతదూరం వినపడాలి అనేకంటే ముందు, “ఏం మాట్లాడతారండీ? మైకు అవతలివాళ్ల చేతికి కూడా ఇస్తారా?” అని అడుగుతాను. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. జవాబు చెప్పేదాకా టంకం వేడిచెయ్యను.

ఈ రాతలో అక్షరాల తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. ఆరోజు కొట్లో ఆగకుండా చేసిన తప్పును మాత్రం మన్నించమని అడగను.